పదిహేడు డాలర్ల సమానత్వం

దేవుడు మనుషుల్ని పుట్టించాడు గాని వాళ్ళని సమానం చేసినవాడు మాత్రం కర్నల్ కోల్టు అని అమెరికాలో ఒక నానుడి వుంది. ఇది సరదాకి అనుకునే మాటే అయినా దీని వెనక ఒక సిద్ధాంతం దాగి వుంది. బలవంతుడూ బలహీనుడూ, భూమి వున్నవాడూ లేనివాడూ అనే తేడాలన్నీ నడుముకి ఒక రివాల్వరు కట్టుకోగానే చెరిగిపోతాయనేది ఆ సిద్ధాంతం. హాలీవుడ్ దీనిని ప్రపంచమంతా చాటింది. ఇటలీవాళ్ళు అదే సరుకుకి కొంచెం దుమ్మూ చెమటా పట్టించి మళ్ళీ అమ్మారు. తెలుగువాళ్ళకి అది 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’తో చేరింది. కృష్ణ గుర్రం మీద వచ్చి పిస్తోలు పేలుస్తుంటే నేల టిక్కెట్టులో కూర్చుని ఈలలు వేసిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి.

తర్వాత చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికిన మనిషిని గనుక, ఇలాంటి సిద్ధాంతం ఎదురైనప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఏమిటో నాకు వృత్తి నేర్పింది. ఆ తుపాకి ఖరీదెంత? కొన్నవాడి జీతం ఎంత? సినిమాల్లో ఎవడూ తుపాకి కొనడు. పుట్టుకతో వచ్చిన కర్ణుడి కవచంలాగా అది వాడి ఒంటి మీదే వుంటుంది. నాకు గుర్తున్నంతలో దీనికి ఒక మంచి మినహాయింపు సెర్జియో లియోని 1966లో తీసిన ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’. అందులో టూకో అనే బందిపోటు చేతిలో చిల్లిగవ్వ లేకుండా తుపాకుల కొట్టుకి వస్తాడు. అరడజను రివాల్వర్లు విప్పదీసి, గొట్టాలలోంచి తొంగి చూసి, చక్రాలు తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విని, ఒక దాని గొట్టమూ మరొక దాని చక్రమూ కలిపి మంచి ఆయుధం ఒకటి తయారు చేసుకుంటాడు. ఆ తర్వాత దానితోనే కొట్టువాణ్ణి బెదిరించి గల్లాపెట్టె వూడ్చుకుపోతాడు. డబ్బులేనివాడికి మేలైన తుపాకి ఎలా దొరుకుతుందో అంత నిజాయితీగా చెప్పిన దృశ్యం ఆ తరహా చిత్రాల్లో అరుదు.

ఈ వస్తువు ఎలా పనిచేస్తుందో ముందు రెండు మాటల్లో చెప్పాలి. సింగిల్ యాక్షన్ రివాల్వరులో మీట నొక్కినంత మాత్రాన గుండు పేలదు. ప్రతిసారీ వెనకనున్న సుత్తిని బొటనవేలితో లాగి నిలబెట్టాలి. అలా లాగినప్పుడే ఆరు గదుల చక్రం ఒక గది తిరిగి తూటాని గొట్టానికి ఎదురుగా తెస్తుంది. అప్పుడు మీట నొక్కితే సుత్తి పడుతుంది. మీట ఒక్క పనే చేస్తుంది గనుక ఆ పేరు.

శామ్యూల్ కోల్టు 1836లో దీనికి పేటెంటు పొందాడు. పేటర్సన్ పట్టణంలో అతడు పెట్టిన కర్మాగారం స్వేచ్ఛావిపణిలో ఆరేళ్ళు కూడా నిలబడలేక 1842లో మూతబడింది. మళ్ళీ ప్రాణం పోసినది మెక్సికో మీద అమెరికా చేసిన యుద్ధం. 1847లో ప్రభుత్వం వెయ్యి రివాల్వర్లకి ఆర్డరిచ్చింది. కోల్టు దగ్గర అప్పటికి కర్మాగారమే లేదు. మరొకరి కర్మాగారంలో చేయించి ఇచ్చాడు. 1855 నాటికి హార్ట్‌ఫర్డులో పెద్ద ఫ్యాక్టరీ లేచింది. వ్యక్తి స్వాతంత్ర్యానికి చిహ్నమని ఏ వస్తువును పొగుడుతున్నారో ఆ వస్తువును బతికించినవి ఒక దురాక్రమణ యుద్ధమూ ప్రజల ఖజానా సొమ్మూ అన్న సంగతి ఆ చిహ్నాన్ని ఆరాధించేవాళ్ళు చెప్పరు.

ధర విషయంలో పేటెంట్లు చేసిన పని కూడా తక్కువది కాదు. చక్రం గదులకి అటునుంచి ఇటు బెజ్జం వేసి, వెనకనుంచి లోహపు తూటాలు పెట్టే పద్ధతికి రోలిన్ వైట్ అనే ఆయన 1855లో పేటెంటు తీసుకున్నాడు. ఆ హక్కును స్మిత్ అండ్ వెసన్ కంపెనీ రివాల్వరుకి పాతిక సెంట్ల చొప్పున చెల్లించే ఒప్పందం మీద సొంతం చేసుకుంది. దానితో 1869 దాకా మిగిలిన కంపెనీలన్నీ మందూ గుండూ విడివిడిగా కూరే పాత పద్ధతిలోనే వుండిపోవలసి వచ్చింది. గడువు పొడిగించాలని వైట్ చేసుకున్న ప్రయత్నాన్ని 1870లో అధ్యక్షుడు గ్రాంటు తోసిపుచ్చాడు. వెంటనే కోల్టు కంపెనీ చేసిన మొదటి పని ఏమిటి? సరికొత్త ఆయుధం కాదు. అంతర్యుద్ధంనాటి పాత రివాల్వర్ల వెనక భాగం కోసి, కొత్త చక్రం బిగించి, లోహపు తూటాలకి అనువుగా మార్చడం. కోల్టువారి సింగిల్ యాక్షన్ ఆర్మీ అని పేరు మోసిన రివాల్వరు 1873లో గాని సైన్యానికి చేరలేదు. సైన్యం ఒక్కొక్కటి సుమారు 13 డాలర్లకి కొన్నది. బజారులో మామూలు మనిషికి దాని వెల దాదాపు 17 డాలర్లు.

ఇప్పుడు కొనేవాడి సంగతి చూద్దాం. టెక్సాస్ నుంచి కాన్సాస్ దాకా మందలు తోలిన కౌబాయ్ అంటే మన భాషలో పసులకాపరే. వాడి నెల జీతం పాతిక నుంచి నలభై డాలర్లు. పని చాలామందికి వసంతం నుంచి ఆకురాలు కాలం దాకానే. చలికాలంలో యజమానులు చాలామందిని మాన్పించేసేవారు. పశువులు వాడివి కావు. ఎక్కే గుర్రం కూడా సాధారణంగా యజమానిదే. సొంత ఆస్తి అని చెప్పుకోదగినవి జీను, పరుపుచుట్ట, వుంటే ఒక రివాల్వరు. కొత్త కోల్టు కొనాలంటే పదిహేను ఇరవై రోజుల కష్టం ధారపోయాలి. తూటాలూ తోలు ఒరా వేరే. కనుక చౌకలో కావలసినవాడు వాడిన సరుకు వైపు చూడక తప్పదు. యుద్ధంలో మిగిలిపోయినవి, మార్పిడి చేసినవి, తాకట్టు కొట్లలో విడిపించుకోక వదిలేసినవి, చనిపోయినవాడి సామాన్లలో వేలానికి వచ్చినవి, ఇవే పేదవాడి ఆయుధాగారం.

పాత రివాల్వరు కొనడమంటే పాత ఎద్దును కొన్నట్టే. పళ్ళు చూడాలి, నడిపించి చూడాలి. కోల్టు సుత్తిని మెల్లగా వెనక్కి లాగితే నాలుగు చప్పుళ్ళు వరసగా వినబడతాయి. కంపెనీ పేరులో వున్న నాలుగు ఇంగ్లీషు అక్షరాలే పలుకుతున్నాయని ముచ్చటగా చెబుతారు. అందులో ఒకటి తక్కువైతే లోపల గాడి విరిగిందని అర్థం. సుత్తి పూర్తిగా నిలబడ్డాక చక్రం కదలకుండా బిగిసిపోవాలి. చేత్తో తిప్పితే ఇంకా అటూ ఇటూ వూగుతున్నదంటే చక్రాన్ని తోసే కొక్కెమో, పట్టి నిలిపే మేకో అరిగినట్టు. అలాంటిది పేలిస్తే తూటా గొట్టం అంచుకి తగిలి సీసపు తునకలు పక్కవాడి ముఖాన చిమ్ముతాయి. నిలబెట్టిన సుత్తిని బొటనవేలితో ముందుకి గట్టిగా నొక్కి చూడాలి. మీట నొక్కకుండానే అది జారిపడితే ఆ తుపాకి తిరిగి ఇచ్చెయ్యవలసిందే. లోపలి స్ప్రింగులు బల్లపరుపు రేకులు, తరచుగా విరుగుతాయి. అయితే ఒక పల్లెటూరి కమ్మరి కూడా వాటిని చేసిపెట్టగలడు. విరిగినా సరే చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ పేల్చవచ్చు. కౌబాయ్ దీనిని ఇష్టపడటానికి ఈ మొరటుతనమే పెద్ద కారణమని నా అభిప్రాయం. ఇక చట్రం మీదా, మీట కాపు మీదా, పిడి వెనక పట్టీ మీదా ఒకే అంకె చెక్కి వుండాలి. వేరువేరు అంకెలుంటే మూడు శవాలనుంచి ఒక మనిషిని కుట్టినట్టు, మూడు తుపాకుల నుంచి ఒకటి తయారైందన్నమాట. టూకో పనే.

మరొక లోపం వుంది. అది అరుగుదల వల్ల వచ్చినది కాదు, పుట్టుకతోనే వచ్చినది. ఆరు గదులూ నింపితే దించిన సుత్తి మొన సరిగ్గా ఒక తూటా వెనక ఆని వుంటుంది. తుపాకి కింద పడినా, జీను వేస్తుండగా రికాబు వచ్చి సుత్తికి తగిలినా పేలిపోవచ్చు. అందుచేత ఎరిగినవాడు ఐదే నింపి, సుత్తిని ఖాళీ గది మీద దించేవాడు. ఒకటి పెట్టు, ఒకటి వదులు, నాలుగు పెట్టు అని ఒక లెక్క. ఆరుగుళ్ళ తుపాకి అని పాటలు కట్టినది నిజానికి ఐదుగుళ్ళది. ఈ సంగతి మళ్ళీ వస్తుంది గనుక పాఠకులు గుర్తుంచుకోవాలి.

పదిహేడు డాలర్లకీ, పాత కోల్టుకీ కూడా అందని జనం ఇంకా కింద వున్నారు. పట్టణాల కూలీలు, రైల్వే కట్టిన వలస కార్మికులు, దక్షిణాది కౌలుదార్లు. వాళ్ళకోసం మసాచుసెట్స్, కనెక్టికట్ ఫ్యాక్టరీలు జేబులో పట్టే చిన్న సింగిల్ యాక్షన్ రివాల్వర్లను లక్షల్లో పోతపోసి ఒకటి రెండు డాలర్లకి అమ్మాయి. నాసిరకం ఇనుము, బుల్లి తూటా, పేర్లు మాత్రం భీకరం. తరువాతి కాలపు సేకర్తలు వాటికి ఆత్మహత్య తుపాకులని వెక్కిరింపు పేరు పెట్టారు. మ్యూజియం అద్దాల వెనక కోల్టులు తళతళలాడుతుంటాయి. పేదవాడు నిజంగా కొన్న రివాల్వరుకి అక్కడ అంత చోటు దొరకదు.

సమానత్వ సిద్ధాంతానికి అసలు పరీక్ష 1883లో జరిగింది. టెక్సాస్ పాన్‌హాండిల్ ప్రాంతంలో అంతకు ముందు చిన్న యజమానుల రోజుల్లో కౌబాయ్‌లు సొంతంగా నాలుగు దూడలు పెంచుకోవచ్చు, ముద్రలేని పశువులకి తమ ముద్ర వేసుకోవచ్చు. తూర్పు పట్టణాల పెట్టుబడీ, బ్రిటిష్ పెట్టుబడీ వచ్చి భూముల్ని కంపెనీల కింద కలిపేశాక ఆ వెసులుబాట్లు పోయాయి. మిగిలినది జీతం ఒక్కటే. ఆ ఏడు వసంతకాలపు పశువుల సేకరణకి ముందు, ఎల్.ఐ.టి., టి యాంకర్, ఎల్.ఎక్స్. వంటి పెద్ద రాంచీల పనివాళ్ళు నెలకి 50 డాలర్లు ఇవ్వకపోతే పని మానేస్తామని కాగితం రాసి సంతకాలు పెట్టారు. మొదట సంతకం చేసినవాళ్ళు 24 మంది. తర్వాత చాలామంది చేరారు. నాయకుడు టామ్ హారిస్. వంటవాడికి కూడా అంతే జీతం కావాలని ఆ కాగితంలో వుండటం నాకు ముచ్చట కలిగించే విషయం. వంటవాణ్ణి మరచిపోయిన సమ్మె కోర్కెల పత్రాలు మన దేశంలో కూడా చూశాను.

సమ్మె రెండున్నర నెలల్లో ఓడిపోయింది. రివాల్వర్లకి కొదవ వుండి ఓడిపోలేదు. దేశంలో అంత దట్టంగా తుపాకులు మెలిగిన చోటు ఆనాడు మరొకటి వుండి వుండదు. సమ్మె నిధి కరిగిపోయింది. ఆ పనికి రావడానికి సిద్ధంగా వున్న కుర్రవాళ్ళు దండిగా దొరికారు. యజమానులు సమ్మెదార్లను తీసేసి కొత్తవాళ్ళని పెట్టుకున్నారు. తిరగబడ్డవాళ్ళలో చాలామందికి ఆ ప్రాంతంలో మళ్ళీ పని దొరకలేదు. మాంచెస్టరు మిల్లులో సమ్మెను ఏ ఆయుధం ఓడించిందో ఇక్కడా అదే ఓడించింది. దానికి గొట్టమూ లేదు, చక్రమూ లేదు.

మూడేళ్ళకి, 1886లో, మార్క్సు కూతురు ఎలియనార్ తన సహచరుడు ఎడ్వర్డ్ ఎవెలింగ్‌తో కలిసి అమెరికా అంతా తిరిగింది. తర్వాత ఇద్దరూ అక్కడి కార్మికోద్యమం మీద రాసిన పుస్తకంలో కౌబాయ్‌ల గురించి ఒక అధ్యాయమే పెట్టారు. సిన్సినాటిలో ఒక ప్రదర్శనలో వేషాలు వేసుకుని నిలబడ్డ కౌబాయ్‌లను చూసి, వాళ్ళలో ఒకడితో మాట్లాడి, ఈ స్వేచ్ఛాజీవి అనబడేవాడు మిల్లు కూలీలాగే పెట్టుబడిదారుకి కట్టుబడినవాడని వాళ్ళు గ్రహించారు. అందరూ టోపీనీ ఒరనూ చూసిన చోట వాళ్ళిద్దరూ జీతం చిట్టా చూశారు. ఆ అధ్యాయం మన విద్యార్థులు చదవదగినది.

యజమానులకైతే ఈ విషయంలో భ్రమలేమీ లేవు. టెక్సాస్‌లో ముప్ఫై లక్షల ఎకరాల ఎక్స్.ఐ.టి. రాంచి 1888లో పనివాళ్ళకి అచ్చువేసి ఇచ్చిన నిబంధనలలో, ఒంటి మీద గాని జీను సంచీలో గాని పిస్తోలు వుండరాదని స్పష్టంగా వుంది. జూదం ఆడరాదు, తాగరాదు, సొంత పశువులు పెంచుకోరాదు అన్నవి కూడా ఆ నిబంధనల్లోవే. పట్టణాల పద్ధతి కూడా అదే. టూంబ్‌స్టోన్ పట్టణంలో 1881 ఏప్రిల్‌లోనే ఆయుధాలతో తిరగరాదని శాసనం చేశారు. ఆ అక్టోబరు 26న జరిగిన ఓ.కె. కొరాల్ కాల్పులు ఆ శాసనం అమలు పేరుతో జరిగినవే. ప్రతివాడూ నడుముకి తుపాకితో తిరిగిన స్వర్గం తెర మీద మాత్రమే వుంది.

ఇప్పుడు దక్షిణాదికి రావాలి. వెల అనే మాటకి అసలు అర్థం అక్కడ బయటపడుతుంది. అంతర్యుద్ధం ముగిశాక 1865 మే నెలలో యుద్ధశాఖ ఒక ఉత్తర్వు వేసింది. ఇంటికి వెళ్ళే సిపాయి తన ఆయుధాన్ని కొనుక్కుని తీసుకుపోవచ్చు. మస్కెట్ తుపాకి 6 డాలర్లు, రివాల్వరు 8 డాలర్లు, కత్తి 3 డాలర్లు. సొమ్ము చివరి జీతంలో కోసుకుంటారు. బహుశా చరిత్రలో వాడిన రివాల్వర్ల మీద సర్కారు వేసిన మొదటి పెద్ద ధరల పట్టిక ఇదే. యూనియన్ సైన్యంలో దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికులు వుండేవారు. 1864 జూన్ దాకా వాళ్ళ జీతం నెలకి పది డాలర్లు, అందులోంచి మూడు బట్టలకింద మినహాయింపు. తెల్ల సిపాయికి పదమూడూ, పైన బట్టలూ. అయినా వాళ్ళలో కొందరు ఆ జీతంలోంచే తమ తుపాకి కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నారు.

ఆరు నెలలు తిరగకుండా 1865 నవంబరులో మిసిసిపి శాసనసభ చేసిన చట్టం ప్రకారం, సైన్యంలో లేని నల్లజాతి మనిషి స్థానిక బోర్డు అనుమతి లేకుండా ఏ తుపాకీ వుంచుకోరాదు. మెంఫిస్‌లో 1866 మే నెలలో సైన్యం నుంచి విడుదలైన నల్ల సిపాయిలు ఆయుధాలు అప్పగించిన తరువాత వాళ్ళ పేట మీద తెల్ల గుంపులూ పోలీసులూ పడి 46 మంది నల్లవాళ్ళని చంపారు. లూసియానాలో కోల్‌ఫాక్స్ కచేరీ దగ్గర 1873 ఏప్రిల్ 13, ఈస్టరు ఆదివారం నాడు నల్లజాతివారు ఆయుధాలతోనే నిలబడ్డారు. ఎదుటివాళ్ళ దగ్గర ఒక ఫిరంగి కూడా వుంది. లొంగిపోయినవాళ్ళతో సహా ఎందరు చనిపోయారన్న అంచనాలు అరవై నుంచి నూటయాభై దాకా వున్నాయి. తెల్లవాళ్ళు ముగ్గురు. శిక్షపడిన కొద్దిమందిని కూడా 1876లో క్రూక్‌షాంక్ తీర్పుతో సుప్రీం కోర్టు వదిలేసింది. కోల్టు సింగిల్ యాక్షన్ సైన్యానికి చేరిన ఏడూ కోల్‌ఫాక్స్ ఏడూ ఒకటే.

జాతి పేరు పెట్టి ఆయుధాలు నిషేధించడం పద్నాలుగో రాజ్యాంగ సవరణ తర్వాత కష్టమైంది. అప్పుడు శాసనకర్తలకి ధర గుర్తొచ్చింది. టెనెసీ రాష్ట్రం 1879లో, ఆర్కాన్సాస్ 1881లో సైన్యం, నౌకాదళం వాడే పెద్ద రివాల్వర్లు తప్ప మరే పిస్తోలూ అమ్మరాదని చట్టాలు చేశాయి. చదవడానికి ఎంతో తటస్థంగా వుంది. నల్లవాడని గాని తెల్లవాడని గాని ఒక్క మాట లేదు. కాని సైనిక రివాల్వరు పదిహేడు డాలర్లది. నిషేధం పడినది ఒకటి రెండు డాలర్లది. మాజీ సైనికాధికారి దగ్గర పెద్ద కోల్టు ముందే వుంది. పత్తిచేను కౌలుకి చేసి ఏడాది చివర అప్పు తప్ప మిగలని నల్ల రైతుకీ, పేద తెల్లవాడికీ చిన్నది కూడా పోయింది. ఈ చట్టాల ఉద్దేశం అదేనని కొందరు చరిత్రకారులు వాదించారు. వీధుల్లో జేబు పిస్తోళ్ళ హత్యలు పెరిగిన భయం కూడా నిజమేనని మరికొందరు చెబుతారు. రెండూ నిజం కావడానికి అడ్డేమీ లేదు. దాచిన ఆయుధం నేరం కింద పట్టుబడ్డ నల్లవాళ్ళని గనులకీ మిల్లులకీ ఖైదీకూలీలుగా అమ్మడమనే వ్యాపారం మాత్రం దీనికి ఆనుకునే నడిచింది.

1892 మార్చిలో మెంఫిస్‌లో ముగ్గురు నల్లజాతి దుకాణదార్లను గుంపు లాక్కుపోయి చంపాక, వాళ్ళలో ఒకరి స్నేహితురాలైన పత్రికా సంపాదకురాలు ఐడా బి. వెల్స్ మొదట చేసిన పని ఒక పిస్తోలు కొనడం. రెండవ పని అంతకంటే పెద్దది. ఆమె ఆ హత్యల కారణాలు లెక్కలు కట్టి రాసింది, పట్నం వదిలి పశ్చిమానికి పొమ్మని తనవారిని ప్రోత్సహించింది, ట్రాము బండ్లు ఎక్కవద్దని చెప్పింది. కంపెనీవాళ్ళు ఆఫీసుకి వచ్చి బతిమాలుకున్నారు. ఆమె పత్రికను గుంపు ధ్వంసం చేసింది. గుంపు భయపడినది ఆమె పిస్తోలుకి కాదు. తుపాకి వద్దని ఆమె అనలేదు, దానితోనే సరిపోతుందని కూడా అనలేదు. మన మధ్య తుపాకి గొట్టం గురించి వున్న పాత తగువును ఇక్కడ తవ్వే ఉద్దేశం నాకు లేదు గాని, ఆ తగువులో ఇరుపక్షాలూ ఐడా వెల్స్‌ని చదివి వుంటే సగం మాటలు మిగిలి వుండేవి.

ఇదే చరిత్రను నేటి అమెరికాలో తుపాకి వ్యాపారం తరఫు వాదకులు కూడా ఏకరువు పెడుతుంటారు. పేదవాడికీ నల్లవాడికీ ఆయుధం అందకుండా చేశారు గనుక ఆంక్షలన్నీ జాతి దురహంకారమేనని వాళ్ళ తర్కం. వాస్తవాలు నిజమే, తర్కం మాత్రం అంగడిది. కాలిఫోర్నియాలో నల్ల చిరుతలు బాహాటంగా తుపాకులు పట్టినప్పుడు 1967లో దానిని నిషేధిస్తూ చట్టం మీద సంతకం చేసిన గవర్నరు రోనాల్డ్ రీగన్. రెండేళ్ళ ముందు దాకా టెలివిజన్‌లో పశ్చిమ సీమ కథలకి వ్యాఖ్యాత ఆయనే.

మనకీ ఆ సంగతి కొత్త కాదు. లిట్టన్ దొర 1878 ఆయుధాల చట్టంలో దేశీయుడికి లైసెన్సు కావాలి, ఐరోపావాడికి మినహాయింపు. మన్యంలో 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి తుపాకులు తీసుకుపోయింది. కొనుగోలుకి వాళ్ళకి తెరిచి వున్న అంగడి పోలీసు ఠాణా ఒక్కటే.

వాడిన కోల్టులకి ఒక సామ్రాజ్య చరిత్ర కూడా వుంది. సైన్యం 1892లో చిన్న తూటాల కొత్త రివాల్వరుకి మారి, పాత సింగిల్ యాక్షన్లను గిడ్డంగుల్లో పడేసింది. ఫిలిప్పీన్స్‌ని కాజెయ్యడానికి యుద్ధం మొదలయ్యాక, ముఖ్యంగా మోరోలతో తలపడినప్పుడు, కొత్త తూటా మీదపడే మనిషిని ఆపడం లేదని సైనికులు గోల పెట్టారు. దానితో గొట్టాలు పొట్టివి చేసి బాగుచేయించిన పాత తుపాకులను మళ్ళీ దించారు. ఒకదాని భాగాలు మరొకదానికి తగిలించినందువల్ల వాటి మీద అంకెలు కలవవు. అవి తర్వాత మిగులు సరుకుగా మామూలు జనానికి అమ్ముడయ్యాయి. తక్కువ ధరకి కోల్టు కొన్న రైతుకి దాని గొట్టం ఎక్కడెక్కడ తిరిగివచ్చిందో తెలిసే అవకాశం లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పాతకాలపు ఆయుధం పోవలసినది. కోల్టు కంపెనీ 1941లో తయారీ ఆపేసింది కూడా. అప్పుడు టెలివిజన్ వచ్చింది, ప్రతి సాయంత్రం కౌబాయ్ కథలు, ప్రతి కుర్రవాడికీ ఒకటి కావాలనే తహతహ. పాతవాటి ధరలు లేచాయి. ఇది కనిపెట్టిన విలియం రూగర్ 1953లో చిన్న తూటాల సింగిల్ సిక్స్‌ని 57 డాలర్ల 50 సెంట్లకీ, 1955లో పెద్ద బ్లాక్‌హాక్‌ని 87 డాలర్ల 50 సెంట్లకీ దించాడు. కోల్టు 1956లో తిరిగి వచ్చి తన దానికి 125 అడిగింది. రూగర్ రేకు స్ప్రింగుల బదులు తీగ చుట్టలు పెట్టి కోల్టు పాత రోగం కుదిర్చాడు. పుట్టుకతో వచ్చిన రెండో రోగాన్ని, సుత్తి తూటా మీద ఆనడాన్ని, అలాగే వుంచేశాడు. కొన్న కుర్రవాడు సినిమాల్లో ఆరు పేలడం చూసినవాడు. ఐదే నింపాలని తాతలకి తెలిసిన లెక్క వాడికి ఎవరు చెబుతారు? ప్రమాదాలు జరిగాయి, దావాలు పడ్డాయి. కంపెనీ 1973లో సుత్తికీ తూటాకీ మధ్య అడ్డుకమ్మీ పెట్టింది. మీట నొక్కి పట్టినప్పుడే ఆ కమ్మీ పైకి లేచి దెబ్బను అందిస్తుంది. అసలు కోల్టుకీ దీనికీ మధ్య సరిగ్గా నూరేళ్ళు. అలాస్కాలో గాయపడ్డ ఒక యువకుడి కేసులో జూరీ కంపెనీకి లక్షల డాలర్ల దండన వేసింది. రాష్ట్ర సుప్రీం కోర్టు 1979లో కంపెనీ బాధ్యతను నిలబెట్టి, మొత్తం మాత్రం ఎక్కువన్నది.

పాతవాటికి ఆ కమ్మీని ఉచితంగా అమరుస్తామని 1982 నుంచి కంపెనీ ప్రకటిస్తూ వచ్చింది. ఇప్పటి అమెరికాలో చవకగా పాత సింగిల్ యాక్షన్ కొందామని వెళ్ళేవాడికి ఇక్కడ ఒక వింత ఎదురవుతుంది. కమ్మీ అమర్చినదానికి వెల తక్కువ, అమర్చనిదానికి ఎక్కువ. కారణం, సేకర్తకి కావలసినది అసలు రూపం. సురక్షితం చేసినది వాడి దృష్టిలో చెడిపోయినది. అందుచేత జేబు పలచనివాడు తెలిసో తెలియకో మంచిదే కొంటాడు. సరుకు లోకంలో పేదవాడికి మేలు జరిగిన అరుదైన సందర్భం గనుక రాసిపెట్టుకున్నాను. కంపెనీకి ఎన్నడూ చేరని పాతవి మాత్రం ఇంకా ఎన్నో ఇళ్ళ సొరుగుల్లో ఆరు తూటాలతో పడివున్నాయి.

వెలల సంగతి చెబుతున్నాను గనుక ఇంకొకటి. 2021 ఆగస్టులో ఒక వేలంలో ఒకే ఒక్క కోల్టు సింగిల్ యాక్షన్ అరవై లక్షల డాలర్లు దాటి పలికింది. షెరీఫు పాట్ గారెట్ 1881లో బిల్లీ ది కిడ్‌ని చంపినది దానితోనే. గారెట్ దానిని కొనలేదు. అంతకు ముందు ఏడు బిల్లీ ముఠాని పట్టుకున్నప్పుడు ఒక ఖైదీ దగ్గరనుంచి లాక్కున్నాడు. గారెట్ 1908లో అప్పుల్లో మునిగి వుండగా హత్యకి గురయ్యాడు. తుపాకి అప్పటికి ఎల్ పాసోలో ఒక సారా దుకాణదారు చేతిలో వుంది. ఆయన విధవ అపోలినేరియా పాతికేళ్ళ తర్వాత కోర్టుకెక్కి దానిని తిరిగి తెచ్చుకుంది. 1936లో ఆమె చనిపోయేనాటికి అది ఆమె ఇంట్లోనే వుంది.